మసిబారిన రాత్రి: 'కాలీడ్' అనే పాత ఇంగ్లీషు మాటకు అర్థమేంటి, ఎక్కడ పుట్టింది?

అనువాదశాల (చర్చ మొదలుపెట్టినవారు)
షేక్స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' మొదటి అంకం మొదటి రంగంలో లైసాండర్ మాట ఇది: "బ్రీఫ్ యాజ్ ద లైట్నింగ్ ఇన్ ద కాలీడ్ నైట్". ప్రేమ ఎంత త్వరగా అడుగంటిపోతుందో చెబుతూ మెరుపుతో పోలుస్తాడు. ఇందులో 'నైట్' ముందున్న మాట అక్షరాలు సి, ఓ, ఎల్, ఎల్, ఐ, ఇ, డి. యంత్రానువాదంలో పెడితే ఒకసారి 'ఢీకొన్న రాత్రి' అని, ఒకసారి 'కాలిన రాత్రి' అని వస్తోంది. రెండూ అతకడం లేదు. అసలు అర్థం, పలికే తీరు, తెలుగులో దేనికి దగ్గరో తెలిసినవారు చెప్పగలరా?

పదమూలం
'ఢీకొన్న' అని రావడానికి కారణం తేలిక. యంత్రం దాన్ని 'కొలైడ్' అనే మాటకు అచ్చుతప్పు అనుకుంది. ఆ మాటకూ దీనికీ చుట్టరికమే లేదు. అది లాటిన్ నుంచి వచ్చింది, ఇది నాటు ఇంగ్లీషు.

నిఘంటువులో వెతకాలంటే ముందు చివర ఉన్న 'ఇ, డి' తీసేయండి. మిగిలిన 'ఐ'ని 'వై' చేయండి. 'క్యారీ' అనే క్రియ 'క్యారీడ్' అయ్యేటప్పుడు 'వై' పోయి 'ఐ' వస్తుంది కదా, అదే పద్ధతి. అప్పుడు మిగిలేది 'కాలీ' అనే క్రియ. బొగ్గుపొడితోనో పొగమసితోనో నల్లగా చేయడం దాని అర్థం. నామవాచకంగా వాడితే మసి, నుసి. విశేషణంగా వాడితే మసిపట్టిన, నల్లని. చిన్న జేబు నిఘంటువుల్లో ఇది ఉండదు. పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో క్రియ కింద చూడాలి, 'కాలీడ్' కింద వెతికితే చాలాసార్లు దొరకదు.

కాబట్టి లైసాండర్ అంటున్నది: మసిబారిన రాత్రిలో మెరుపు ఎంతసేపుంటుందో అంతసేపే.

ఛందోమిత్ర
పలికే తీరు మీద ఒక మాట. చాలామంది దీన్ని 'కొలైడ్' అని చదివేస్తారు. పాదం లెక్క చూస్తే ఆ చదువు నిలబడదు.

ఆ పాదానికి పది అక్షరాలు, రెండేసి చొప్పున ఐదు గణాలు. మామూలు నడకలో ప్రతి గణంలోనూ రెండో అక్షరం మీద ఊనిక. చివరి నాలుగు అక్షరాలు విడదీయండి: 'ద కాల్', 'లీడ్ నైట్'. ఊనిక 'కాల్' మీద, 'నైట్' మీద పడాలి. 'కొలైడ్' అంటే ఊనిక రెండో అక్షరం మీదికి జారి, పక్కనే ఉన్న 'నైట్' ఊనికకు అడ్డుపడుతుంది. అందుకే 'కాలీడ్', మొదటి అక్షరం ఒత్తి పలకాలి. పాదం మొదట్లో 'బ్రీఫ్' మీద ఊనిక పడుతుంది, అది నియమానికి తప్పే అయినా పాదాదిలో కవులంతా తీసుకునే వెసులుబాటు. దాన్ని చూసి మిగతా పాదం కూడా ఎలాగైనా చదవొచ్చనుకోకూడదు.

కొత్తపలక
'కాలిన' అని వచ్చింది తప్పెలా అవుతుందండీ? కాలితే నల్లబడుతుంది. 'కాలీ', 'కాలిన' శబ్దం కూడా ఒకటే. పైగా సంస్కృతంలో 'కాల' అంటే నలుపు, కాళి అంటే నల్లని తల్లి. మన మాటే అక్కడికి వెళ్లిందేమో?

పదమూలం
ఇలాంటి పోలిక కనబడగానే అడగాల్సింది 'ఇప్పుడు ఎలా వినబడుతోంది' అని కాదు, 'అప్పుడు ఎలా ఉండేది' అని.

'కాలీ' వచ్చింది 'కోల్' అనే మాట నుంచి, అంటే బొగ్గు. పాత ఇంగ్లీషులో అది 'కొల్', ఓకారం హ్రస్వం. జర్మన్‌లో 'కోలె', స్కాండినేవియా పాత భాష నార్స్‌లో 'కొల్'. ఈ జర్మానిక్ భాషల్లో మొదట్లో కనిపించే 'క' అంతకు ముందు 'గ'. 19వ శతాబ్దంలో యాకబ్ గ్రిమ్ వివరించిన ధ్వనిసూత్రం ఇదే చెబుతుంది. సంస్కృతంలో అదే స్థానంలో చాలాచోట్ల 'జ' ఉంటుంది. జాను ఉంది, ఇంగ్లీషులో మోకాలికి 'నీ'. దాని రాతలో ఇప్పటికీ ముందు 'కె' ఉంది, ఒకప్పుడు పలికేవారు కూడా. 'జ్ఞా' ధాతువు ఉంది, ఇంగ్లీషులో 'నో', దానికీ ముందు మూగ 'కె'. 'జన' ఉంది, అక్కడ చుట్టానికి 'కిన్'.

ఈ లెక్కన 'కొల్'కు సంస్కృతంలో తోబుట్టువు ఉంటే అది 'జ'తో మొదలవ్వాలి. 'జ్వల్' ధాతువును, అంటే మన 'జ్వాల'ను, కొందరు భాషాశాస్త్రవేత్తలు దీనితో కలిపింది అందుకే. అందరూ ఒప్పుకున్న బంధుత్వం కాదు, కానీ ధ్వనిపరంగా దారి తెరిచే ఉంది. 'కాల', 'కాళి' సంగతి అలా కాదు. సంస్కృతంలో 'క' ఉన్నచోట ఇంగ్లీషులో 'హ' రావాలి. 'కః' అంటే ఎవడు, ఇంగ్లీషులో 'హూ'. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఇక తెలుగు 'కాలు', 'కాల్చు', 'కాగు', 'కాచు' అన్నీ ద్రావిడ కుటుంబం. తమిళంలో 'కాయ్', కన్నడంలో 'కాయు' వీటి బంధువులే. వేరే చెట్టు, వేరే వేరు.

మసిగుడ్డ
వ్యుత్పత్తి పక్కన పెట్టినా 'కాలిన' తప్పే. 'కాలీడ్' అయిన వస్తువు కాలదు. ఇంకేదో కాలితే వచ్చిన మసి వచ్చి దీనిమీద కూర్చుంటుంది. ఈ తేడా తెలుగు వంటింట్లో ఇంగ్లీషులో కంటే స్పష్టంగా ఉంది. చూడండి.

అన్నం అడుగంటితే మాడింది అంటాం. నలుపు పదార్థంలోనే ఉంది, గీకితే పోయేది కాదు. కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగు నల్లబడితే మసిపట్టింది అంటాం. గిన్నె చెక్కుచెదరదు, పైపొర మాత్రమే నలుపు. అందుకే పొయ్యి ఎక్కించే ముందు గిన్నె బయటివైపు తడిమట్టి పూసేవారు, తోమేటప్పుడు మట్టితోపాటు మసీ ఊడొస్తుంది. పైకప్పు దూలాలు ఏళ్ల తరబడి పొగ తిని నల్లబడితే పొగచూరాయి అంటాం. దెబ్బకో ఎండకో ఒళ్లు నల్లబడితే కమిలింది. వెండి గాలి తగిలి నల్లబడితే ఊరికే నల్లబడింది అంటాం, దానికి మసితో పనిలేదు.

వీటిలో చాలావాటిని ఇంగ్లీషువాడు ఇప్పుడు 'బ్లాకెన్డ్' (నల్లబడిన) అనే ఒకే మాటతో సరిపెట్టేయగలడు. 'కాలీడ్' మాత్రం కచ్చితంగా రెండోది: మసిపట్టిన, మసిబారిన.

బొగ్గుబాయి
ఇదే వేరుకు సంబంధించిన ఒక మాట తెలంగాణల రోజూ వినబడేదే. సింగరేణి 'కాలరీస్'. ఇంగ్లీషుల 'కాలియర్' అంటే బొగ్గు పనివాడు, 'కాలియరీ' అంటే బొగ్గుగని. మనోళ్ల నోట్లె అది కాలరీ అయింది. గని మాత్రం మా దగ్గర బొగ్గుబాయే. ఇల్లందు దిక్కు 1871ల జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున విలియం కింగ్ బొగ్గు జాడ పట్టిండు. 1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది, 1920ల సింగరేణి కాలరీస్ అనే పేరు పడింది.

కానీ ఒకటి గుర్తుంచుకోవాలె. పాత ఇంగ్లీషుల 'కొల్' అంటే భూమిలోంచి తీసే బొగ్గు కాదు. నిప్పు కణిక, కట్టెబొగ్గు. నేలబొగ్గుకు తర్వాత 'సీ కోల్' అని వేరే పేరు పెట్టిన్రు, సముద్రం మీదికెళ్లి లండన్‌కు వచ్చేది కాబట్టి అని ఒక వివరణ. అట్లనే మొదటి 'కాలియర్' గని కార్మికుడు కాదు, అడవిల కట్టెబొగ్గు కాల్చేటోడు. ఆ పని చూస్తే ఈ మాట ఎందుకు నలుపు అర్థం తెచ్చుకుందో సమజైతది.

నడుమ పొగగొట్టం లెక్క ఖాళీ ఇడిసి, చుట్టూ ఎండుకట్టెలు నిలబెట్టి, పైన ఆకులు, గడ్డిపెళ్లలు, మట్టి కప్పుతరు. నడుమల నిప్పేసి నోరు మూస్తరు. కట్టె మండొద్దు, గాలి చాలక కుమిలి బొగ్గు కావాలె. మొదలు దట్టమైన తెల్లపొగ వస్తది, అది ఎక్కువగా కట్టెల తడి. పొగ పలచబడి నీలం రంగుకు తిరిగినంక పని అయినట్టు. ఎక్కడన్న మట్టి పగిలి గాలి సొచ్చిందంటే ఆ పక్క మొత్తం బూడిద. అందుకే రాత్రింబగళ్లు కాపలా ఉండి పగుళ్లు పూడుస్తనే ఉండాలె. ఆరకముందే బట్టీ ఇప్పితే గాలి తగిలి బొగ్గు మళ్లీ అంటుకుంటది. కట్టె తూకంల ఐదోవంతు బొగ్గు దక్కితే మంచి బట్టీ. రోజుల తరబడి ఆ నుసిల ఉన్నోని ముఖమే 'కాలీడ్' ముఖం.

అనువాదశాల
బొగ్గుబాయి గారూ, ఇది చాలా ఉపయోగపడింది. ఒక అనుమానం మిగిలింది. బొగ్గు 'కోల్' అని దీర్ఘం తీస్తున్నాం, 'కాలీ'లో 'కాలియర్'లో అచ్చు వేరుగా ఉంది. ఒకే మాట అయితే ఇలా ఎందుకు విడిపోయింది?

పదమూలం
మంచి ప్రశ్న. మధ్యయుగపు ఇంగ్లీషులో, అచ్చుతో ఆగే అక్షరంలో హ్రస్వం దీర్ఘమైంది. 'కొల్'కు విభక్తి చేరితే 'కొ-లె' అని విడుతుంది, మొదటి అక్షరం అచ్చుతో ఆగింది, సాగింది. క్రియారూపం అప్పట్లో 'కొల్వెన్'. ఇది 'కొల్-వెన్' అని విడుతుంది, మొదటి అక్షరం 'ల్' దగ్గర మూసుకుపోయింది, సాగలేదు. తర్వాత ఆ 'వ' కరిగిపోయి 'కాలీ' మిగిలింది, అచ్చు మాత్రం పొట్టిగానే ఉండిపోయింది. మన లిపిలో ఈ పొట్టి అచ్చుకు సరైన గుర్తు లేదు, కాలేజీలోలాగా 'కా' అని రాసుకుంటున్నాం. అందుకే 'కాలిన'తో పోలిక కళ్లకు ఇంకా ఎక్కువగా కనబడుతోంది. సగం తప్పు మన రాతదే!

పాఠాంతరం
ఇదే మాట 'ఒథెల్లో' రెండో అంకం మూడో రంగంలోనూ ఉంది, అక్కడ గొడవ ఇంకా పెద్దది. అర్ధరాత్రి కొట్లాట ఆపుతూ ఒథెల్లో అంటాడు: నా రక్తం నన్ను కాచే తెలివిని ఏలబోతోంది, ఆవేశం నా వివేకాన్ని 'కాలీడ్' చేసి తానే దారి చూపబోతోంది.

1623 ఫోలియోలో, అంటే షేక్స్పియర్ నాటకాలన్నీ కలిపి అచ్చేసిన పెద్ద సంపుటంలో, ఉన్నది 'కాలీడ్'. అంతకు ఏడాది ముందు, 1622లో ఈ నాటకం ఒక్కటే చిన్న పుస్తకంగా వచ్చిన క్వార్టోలో ఆ చోట 'కూల్డ్' అని ఉంది, అంటే చల్లబరిచి. ఆవేశం వివేకాన్ని చల్లబరచడం ఏమిటి? రక్తం తెలివిని ఏలబోతోందన్న పాదం వెంటనే చల్లబరిచింది అంటే నడక తిరగబడుతుంది. 'కాలీడ్' అరుదైన మాట, 'కూల్డ్' అందరికీ తెలిసిన మాట. నకలు రాసేవాడు తెలియని మాటను తెలిసిన మాటగా మార్చేయడం మామూలు. తెలిసిన మాటను పనిగట్టుకుని అరుదైన మాటగా మార్చడం తక్కువ. మన తాళపత్ర ప్రతులు పరిష్కరించేవారు కూడా కఠినమైన పాఠం వైపు మొగ్గేది ఈ తర్కంతోనే. నా ఓటు ఫోలియోకే.

పైగా ఆ మాట పలుకుతున్నవాడు నల్లని మూర్ జాతివాడు. మూడో అంకంలో అతనే, మచ్చలేని పేరు ఇప్పుడు తన ముఖంలా మురికిపట్టి నల్లబడిందని వాపోతాడు, అక్కడ 'బిగ్రైమ్డ్' అనే మాట వాడతాడు. మసిని అంతరంగానికి పులమడం ఆ నాటకంలో ఒక దారంలా నడుస్తుంది. ఇక్కడ 'చల్లబరిచి' అని అనువదిస్తే ఆ దారం తెగుతుంది.

అచ్చంగా ముఖానికి మసి అనే అర్థం కావాలంటే షేక్స్పియర్ సమకాలికుడు బెన్ జాన్సన్ రాసిన 'పోయెటాస్టర్' నాటకం చూడండి, 1601 నాటిది. 'నీ ముఖానికి మసి చాలినంత పూసుకోలేదు' అని ఒకడు ఇంకొకణ్ణి తిట్టే చోట ఇదే క్రియ.

కొత్తపలక
కాలిన పోయింది, ఒప్పుకున్నాను. అయితే రాత్రికి 'కాటుక' పెడితే? కాటుక కూడా దీపం మసే కదా. 'కాటుక చీకటి' అని తెలుగులో ఉన్నదే.

మసిగుడ్డ
పదార్థం ఒకటే, నిజం. ఆముదం దీపం మీద మంట కొస తగిలేలా ఇత్తడి పళ్లెం బోర్లిస్తే అడుగున చేరేది మసే. దాన్ని గీకి నెయ్యితోనో ఆముదంతోనో రంగరిస్తే కాటుక. లాంతరు వత్తి మరీ పైకి తీస్తే గాలి చాలక చిమ్నీకి పట్టేది కూడా అదే మసి. రేణువు మిల్లీమీటరులో పదివేలో వంతు కంటే చిన్నది, పడిన వెలుగును దాదాపుగా మింగేస్తుంది.

కానీ కాటుక మనం కోరి పెట్టుకునేది. కళ్లకు అందం, పసిపిల్లకు దిష్టి తగలకుండా చుక్క. 'కాలీ'లో ఆ మురిపెం లేదు, అది మురికి. అందమైన రాత్రి అనిపిస్తే లైసాండర్ మాట చెడుతుంది. ఆ వెంటనే చీకటి దవడలు మెరుపును మింగేస్తాయి అంటున్నాడు. దవడలున్న చీకటికి కాటుక పెడతామా?

ఛందోమిత్ర
'కారుచీకటి' ఎందుకు కాకూడదు? తెలుగు చెవికి దానంత సహజం ఇంకోటి లేదు.

పదమూలం
సహజమే, కానీ ఒకటి పోతుంది. 'కాలీడ్' క్రియాజన్య విశేషణం. రాత్రిని ఏదో నల్లగా చేసింది అన్న ధ్వని ఉంది. కారుచీకటి పుట్టుకతోనే నలుపు. 'మసిబారిన', 'మసికమ్మిన', 'మసి పులిమిన' అంటే ఆ జరిగిన పని నిలుస్తుంది. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' రాసేనాటికి, అంటే 1590ల నడుమ, లండన్ పొయ్యిల్లో కట్టెకు బదులు నేలబొగ్గు బాగా పెరుగుతోంది. ప్రేక్షకుడికి మసి కవిసమయం కాదు, చొక్కా కాలర్ మీద కనబడేదే.

నానార్థం
పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేను. క్రిస్మస్ పన్నెండు రోజుల పాటలో నాలుగో రోజు కానుక 'కాలింగ్ బర్డ్స్' అని పాడతారు, పిలిచే పిట్టలు. 1780 నాటి అచ్చులో ఉన్నది 'కాలీ బర్డ్స్', మసిరంగు పిట్టలు. 1909లో ఫ్రెడరిక్ ఆస్టిన్ బాణీలో 'కాలింగ్' అయింది. అది కాకి కాదు, మన కోయిలా కాదు, 'బ్లాక్‌బర్డ్' అనే ఐరోపా పాటపిట్ట. నల్లగా ఉండేది మగదే, ఆడది గోధుమరంగు. 'ఒథెల్లో'లో జరిగిందే ఇక్కడా జరిగింది: తెలియని మాట పక్కన తెలిసిన మాట కూర్చుంది. కాలీ జాతి గొర్రెల కుక్కకూ ఈ నలుపు నుంచే పేరొచ్చిందని చెబుతారు, అది మాత్రం తేలని వాదం.

పాఠాంతరం
నలుపు మాటల పక్కదారే పడితే 'బ్లాక్' ఇంకా తమాషా. దాని మూలధాతువుకు అర్థం మండు, వెలుగు. మండి మిగిలింది నలుపు. అదే వేరు నుంచి 'బ్లీచ్' కూడా వచ్చింది, అంటే తెల్లబరచడం! పాత ఇంగ్లీషులో నలుపుకూ, పాలిపోయిన తెలుపుకూ మాటలు ఒక్క అచ్చు పొడవులోనే తేడా. గాయత్రీ మంత్రంలో 'భర్గో దేవస్య' అనే భర్గస్సును, అంటే తేజస్సును, ఈ ధాతువుతోనే కలుపుతారు. 'స్వార్ట్' అనేది ఇంకో పాత మాట, జర్మన్ 'ష్వార్ట్స్'కు తోబుట్టువు. కానీ అది ఉన్న రంగు చెబుతుంది, పట్టిన మసిని కాదు. 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో ఒక నౌకరు వంటావిడ ముఖాన్ని తన చెప్పంత 'స్వార్ట్' అని వెక్కిరిస్తాడు.

అనువాదశాల
ఇప్పటికి ఇలా కుదిరింది:

"మసిబారిన రాత్రిలో మెరుపంత పొట్టిది.
ఉక్రోషంతో ఒక్కసారి నింగినీ నేలనూ విప్పి చూపుతుంది,
'అదుగో' అనేలోపే
చీకటి దవడలు దాన్ని మింగేస్తాయి."

ఒథెల్లో మాటకు 'ఆవేశం నా వివేకానికి మసిపూసి' అని రాశాను. సరిపోతుందా?

మసిగుడ్డ
మొదటిది బాగుంది. రెండోదాంట్లో జాగ్రత్త. 'మసిపూసి' అనగానే తెలుగువాడి నోట తర్వాతి మాట 'మారేడుకాయ చేసి' అని వచ్చేస్తుంది. అది మోసం చేయడం. ఆవేశం ఒథెల్లోను మోసం చేయడం లేదు, కళ్లు మూస్తోంది. 'మసకబార్చి' అనొచ్చు గానీ అందులో మంచు కూడా పట్టేస్తుంది, బొగ్గు పోతుంది. 'ఆవేశం నా వివేకానికి మసిపట్టించి' అనండి. చిమ్నీకి మసిపడితే దీపం లోపల వెలుగుతూనే ఉంటుంది, బయటికి దారి కనబడదు.

ఛందోమిత్ర
'మసిపట్టించి' సరే. పై పద్యంలో 'పొట్టిది' మాత్రం మార్చండి. కాలానికి పొట్టి నప్పదు, 'మెరుపంత సేపే' అంటే చాలు.

అనువాదశాల
మార్చాను: "మసిబారిన రాత్రిలో మెరుపంత సేపే."